వీలునామాలో పక్షుల వంతు

ధ్యానమునకు: నిర్గమకాండము 23:10-11, లూకా 12:6, 13-21, హెబ్రీయులకు 9:16-17

ఈ నెల మేము వ్రాయబూనినది పండుగ సంగతి కాదు, ఉపవాస కూటముల సంగతియు కాదు. మా సంఘములోని ఒక వృద్ధురాలు మమ్ము అడిగిన ప్రశ్నను గూర్చి వ్రాయుచున్నాము. దానికి మేము మొదట తప్పు జవాబు చెప్పితిమి గనుక ఆ తప్పును కూడ ఇచ్చట ఒప్పుకొనవలసియున్నది.

సంక్రాంతి వెళ్ళి, దాళ్వా నాట్లు ముగియవచ్చిన దినములలో, మేమందరము పంతులమ్మగారని పిలుచు ఆమె కబురంపగా వెళ్ళితిమి. డెబ్బదియెనిమిదేండ్ల మనిషి. వివాహము చేసికొనలేదు. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు అక్షరములు దిద్దించి, ఇప్పుడు పింఛనుమీద బ్రదుకుచు, ఆదివారము మొదటి గంట మ్రోగక మునుపే వచ్చి రెండవ వరుసలో కూర్చుండు భక్తురాలు. అన్న కుమారులు ఇద్దరున్నారు. ఒకరు తణుకులోను, ఒకరు హైదరాబాదులోను స్థిరపడిరి. ఇద్దరును స్థితిమంతులే.

కాఫీ ఇచ్చి, తలుపు దగ్గరగా వేసి, ఆమె ఇట్లడిగిరి:

“అయ్యగారూ, వీలునామా రాయించుకుందామనుకుంటున్నానండి. పోస్టాఫీసులో ఉన్న డబ్బులో కొంత కొల్లేటి పక్షుల కోసం రాయొచ్చాండి? దేవుని ఎదుట తప్పేమైనా అవుతుందా?”

మేము నవ్వితిమి. “అమ్మా, పక్షుల సంగతి పరలోకపు తండ్రి చూసుకుంటాడు. మన మందిరం పైకప్పు సంగతి మనం చూసుకోవాలి కదండీ” అంటిమి. వానకాలములో బల్లపీఠము ప్రక్కన బకెట్టు పెట్టుకొని ఆరాధన జరుపుచున్న కాపరి నోట అంతకంటె వేరు మాట వచ్చుట కష్టము. కాని ఆమె నవ్వలేదు. కొంతసేపు ఊరకుండి, తన తండ్రి సంగతి ఎత్తిరి.

ఆయన కొల్లేటి ఒడ్డున ఒక గ్రామములో మిషను బడి ఉపాధ్యాయుడు. ఈమె బాల్యమంతయు అక్కడనే గడిచినది. బడి వదలగానే దోనెమీద తిరుగుట, కలువపూలు కోయుట, గూడబాతులు చెట్లనిండ గూళ్ళు పెట్టగా చూచుట. “ఊళ్ళో ఎవరూ వాటిమీద రాయి విసిరేవారు కాదండి. వాటి రెట్ట పడిన నీళ్ళు చేనుకు బలం అనేవారు” అని చెప్పిరి. తండ్రి సంపాదించిన రెండెకరముల జిరాయితీ భూమి సరస్సు అంచున ఉండెను. 1990 తరువాత అందరు ఇచ్చినట్లే వీరును దానిని చేపల చెరువునకు లీజుకిచ్చిరి. వరి పండిన దానికంటె ఎన్నో రెట్లు డబ్బు వచ్చెను. తుదకు భూమిని అమ్మివేసిరి. ఆ డబ్బే నేడు పోస్టాఫీసులో నున్నది.

“ఆ డబ్బు నాదేనని పాసుబుక్కు చెబుతుందండి. అందులో నాది కానిది కూడా కొంత ఉందని నాకనిపిస్తుంది” అనిరి.

మేము ప్రార్థన చేసి వచ్చివేసితిమి. ఏమి ప్రార్థించితిమో గుర్తులేదు. ఆ రాత్రి మాత్రము నిద్ర సరిగా పట్టలేదు. జక్కయ్య తాను అన్యాయముగా పుచ్చుకొన్నది తిరిగి ఇచ్చెదనని ప్రభువుతో చెప్పినప్పుడు, ముందు మందిరపు పైకప్పు చూడుమని ప్రభువు చెప్పలేదు కదా!

చదువరులలో కొల్లేరు చూడనివారు ఉందురు గనుక రెండు మాటలు. మా పెనుగొండకు పడమటగా, కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లములో ఏర్పడిన మంచినీటి సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు అందులో పడును. పైనుండి వచ్చిన వరదను అది తనలో పట్టుకొని, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రమునకు వదలును. ఆ పని చేయు పల్లము లేనియెడల ఆ వరద మన చేలమీదికే వచ్చును. 1946లో కేరళ పక్షి పరిశీలకుడు కె. కె. నీలకంఠన్ గారు ఆ ప్రాంతమున గూడబాతుల పెద్ద కాలనీని కనుగొని లోకమునకు తెలిపిరి. అప్పుడచ్చట మూడు వేలకు దగ్గరగా పక్షులు గూళ్ళు పెట్టుచుండెను. లెక్క చూడగా పంతులమ్మగారు పుట్టినదియు ఆ దినములలోనే. 1975 నాటికి ఆ కాలనీ లేకుండ పోయెను.

పిమ్మట సరస్సులో చేపల చెరువుల గట్లు లేచినవి. 1999లో ప్రభుత్వము కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో అది రామ్‌సార్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల పట్టికలో చేరెను. 2006లో అనేక చెరువుల గట్లను యంత్రములతోను మందుగుండుతోను తెగగొట్టిరి. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు మరల వచ్చి గూళ్ళు పెట్టుచున్నవి. చాలినన్ని చెట్లు లేనందున అటవీశాఖవారు నీటిలో ఇనుప మంచెలు నిలిపిరి. పక్షులు వాటిమీదనే పిల్లలను చేయుచున్నవి! గూడబాతు ముక్కు క్రింది సంచి మన రైతులు పూర్వము నీరు తోడిన గూడవలె నుండును. ఇనుప మంచెమీద కూర్చుండి పిల్ల నోటికి ఆ సంచి అందించు తల్లిపక్షిని చూచినవాడు దానిని త్వరగా మరువడు.

ఇది పక్షుల కథ మాత్రమే కాదు. గట్లు తెగినప్పుడు పెద్దల పెట్టుబడులతో పాటు, సొసైటీలో ఒక చిన్న వాటా తప్ప మరేమియు లేని బీద మత్స్యకారుల బ్రదుకును తెగినది. సరస్సును ఆక్రమించినవారందరు ఒక్కటి కారు. దోనె, వల తప్ప వేరు ఆస్తి లేనివానిని, వందల ఎకరములకు గట్టు కట్టించినవానిని ఒకే త్రాసులో వేయుట న్యాయము కాదు. పక్షుల పక్షమున మాటలాడువారు ఈ సంగతి మరచినయెడల వారి మాటను పల్లెలలో ఎవరును వినరు, వినవలసిన పనియు లేదు.

ఇక మా తప్పునకు వత్తుము. పిచ్చుకలను, ఆకాశపక్షులను దేవుడు పోషించునని ప్రభువు చెప్పెను, నిజమే. కాని ఆయన వాటిని దేనితో పోషించుచున్నాడు? సరస్సుతో, బురదతో, నత్తలతో, చిరుచేపలతో, గడ్డిగింజలతో. ఆ గాదెకు మనమే తాళము వేసి, తాళపుచెవి మొలకు చెక్కుకొని, దేవుడు వాటిని చూచుకొనునని చెప్పుట యాకోబు పత్రిక రెండవ అధ్యాయములోని మనుష్యుని మాటవంటిది. బట్టలేనివానిని చలికాచుకొమ్మని, తిండిలేనివానిని తృప్తిపొందుమని చెప్పి, వానికి ఏమియు ఇయ్యకుండ పంపివేసినవాడు అతడు. మేము అట్టి మాటే కాఫీ త్రాగుచు చెప్పితిమి.

నిర్గమకాండము ఇరువదిమూడవ అధ్యాయములో ఏడవ యేటి ఆజ్ఞ ఉన్నది. ఆరు సంవత్సరములు విత్తి కోయవలెను, ఏడవ యేట భూమిని బీడు విడువవలెను. దానిలో తనంతట తాను పండినది జనులలోని బీదలు తినవలెను. వారు తినగా మిగిలినది అడవి మృగములు తినవలెను. సెమినరీలో చదువుకొను దినములలో ఈ వాక్యముమీద మేము ప్రసంగము వ్రాసితిమి. బీదలను గూర్చి మూడు పుటలు వ్రాసితిమి. మృగముల మాట మా కంటికి ఆనలేదు. నేడు చదువగా, దేవుడే వ్రాసిన పంపకములో రెండు పేర్లు ఒకే వాక్యమున నున్నవి. బీదవాడు ముందు, మృగము వెనుక. వరుస ఉన్నది గాని తీసివేత లేదు. భూమి నాది, మీరు నాయొద్ద కాపురమున్న పరదేశులు అని లేవీయకాండములో ఆయన చెప్పుటయు ఈ సంగతికి చేరినదే. కౌలుదారుడు తన కౌలు గడువు తీరినప్పుడు భూస్వామి పెట్టిన షరతులను మరచిపోవచ్చునా?

మన తాతలు ఈ వాక్యము చదివిరో లేదో గాని దీనిని చేసిరి. కోతలు ముగియగానే మంచి వరికంకులను ఏరి, కుచ్చుగా అల్లి, వసారా దూలమునకు కట్టెడివారు. అది పిచ్చుకల వంతు. హిందువుల గుళ్ళలోను కట్టిరి, మన ఇండ్లలోను కట్టిరి. కోతపండుగ నాడు బల్లమీద పెట్టిన పనలోనుండి ఒక కుచ్చు తీసి మందిరపు వసారాలో కట్టిన పెద్దలు మా చిన్నతనమున ఉండిరి. నేడు కోతయంత్రము చేలో దిగి, గింజ ఒకవైపు గడ్డి ఒకవైపు వేసి పోవుచున్నది. కుచ్చు అల్లుటకు పన ఎక్కడిది? చుట్టు గుడిసెలు పోయి శ్లాబు ఇండ్లు వచ్చెను. పిచ్చుకకు దూలమును లేదు, దూలమునకు కుచ్చును లేదు. (శ్లాబు మందిరము కావలెనని ఏడేండ్లుగా చందాలు అడుగుచున్నది మేమేనని చదువరులు మమ్ము ఎత్తిపొడువవచ్చును. ఒప్పుకొనుచున్నాము.)

ఆ కుచ్చులో రెండు గుప్పెళ్ళ గింజలుండును. ఏ కుటుంబమును దానివలన చెడిపోలేదు. ఏ బీదవానికిని దానివలన గంజి తగ్గలేదు. పంతులమ్మగారు అడిగినది ఆ కుచ్చు వంటిదే గదా అని మాకు క్రమముగా తోచినది. చేతికి కంకులు లేని కాలములో, కాగితముమీద కట్టిన కుచ్చు.

అయినను ఎదురు మాటలు లేకపోలేదు. వాటిలో బలమైనది ప్రభువు చెప్పినదే. తలిదండ్రులకు చేయవలసినది చేయక, అది కొర్బాను, దేవునికి అర్పితమైనది అని చెప్పి తప్పించుకొనువారిని మార్కు ఏడవ అధ్యాయములో ఆయన గద్దించెను. దేవుని పేర అర్పించినదే ఇంటివారిని అన్యాయము చేయుటకు సాకు కాకూడనిచో, పక్షుల పేర వ్రాసినది ఎట్లు కాగలదు? కాబట్టి ఇంట మంచము పట్టిన భార్య యుండగా, అప్పులతో నలుగుచున్న కొడుకుండగా, పెండ్లి కావలసిన కుమార్తె యుండగా, అడవికిని సరస్సునకును వ్రాసి పేరు పొందగోరువాడు మా యొద్దకు వచ్చినయెడల ముందు ఇంటికి పొమ్మని చెప్పెదము. కుమార్తెలకు వాటా తప్పించి కొడుకులకే వ్రాయువారికి సంఖ్యాకాండము ఇరువదియేడవ అధ్యాయములోని సెలోపెహాదు కుమార్తెలను చూపించెదము. అయితే స్థితిమంతులైన అన్న కుమారులు తమకు రావలెనని ఎదురుచూచుచున్నది బాకీ కాదు, ఆశ. లూకా పండ్రెండవ అధ్యాయములో ఒకడు తన సహోదరుని చేత ఆస్తి పంచిపెట్టించుమని ప్రభువును అడిగెను. ఆయన పంచిపెట్టలేదు, లోభమును గూర్చి హెచ్చరించెను. ఆ అధ్యాయములోనే కొన్ని వచనములకు ముందు పిచ్చుకలను గూర్చిన మాట యున్నది. రెండును ఒకే దినమున ఒకే గుంపు వినినది.

బీదల సంగతి ఏమని అడుగువారు మరి కొందరు. బేతనియలో అత్తరు పోసినప్పుడు యూదాయును అట్లే అడిగెను. అట్లని అడుగువారందరు యూదాలని మేము అనము. నిజముగా బీదలను ప్రేమించి అడుగువారున్నారు. వారితో మేము చెప్పునది ఒక్కటే: చిత్తడినేల ఎండినచోట మొదట ఆకలిగొనువాడు బీదవాడు. మడ అడవి నరికినచోట ఉప్పెన మొదట కొట్టునది పాకను, మేడను కాదు. మన తీరమున కోరంగి పేరు వినని వారు లేరు. 1839లో వచ్చిన తుపాను ఉప్పెనలో ఆ రేవు నాశనమాయెను. నేడు ఆ చుట్టు నున్న మడ అడవి 1978 నుండి అభయారణ్యము. నీటిపిల్లులు, నీటికుక్కలు అందులో బ్రదుకుచున్నవి. ఆ చెట్ల వేళ్ళలో రొయ్యపిల్లలును చేపపిల్లలును పెరుగును, గాలివాన నాడు అలల బలమును అవియే విరుచును. అచ్చటి జాలరివానికిని నీటిపిల్లికిని అన్నము పెట్టునది ఒకటే బురద.

ఆ తీరమునుండి రంగూనునకు పోయి, ఓడల వ్యాపారములో విస్తారముగా గడించిన మల్లాడి సత్యలింగ నాయకర్ గారిని ఇక్కడ తలంచుట తగును. ఆయన తన ఆస్తిని వీలునామాద్వారా ధర్మకార్యములకు వ్రాసిపోగా, కాకినాడలో ఆయన పేర నున్న ధర్మసంస్థ పాఠశాలలను నడిపినది. ఆయన ముఖము చూడనివారి పిల్లలెందరో ఆ డబ్బుతో చదువుకొనిరి. మన గోదావరి సీమకు వీలునామా దానము క్రొత్త కాదు. మా పెనుగొండ వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయమునకు దూరదేశములనుండి వచ్చు వైశ్యసోదరులు సత్రములకు, అన్నదానములకు ఇచ్చుట మేము చిన్నతనమునుండి చూచుచున్నాము. బడికి వ్రాసిరి, సత్రమునకు వ్రాసిరి, మందిరమునకు వ్రాసిరి. చెరువులోని పక్షికి, అడవిలోని జంతువునకు వ్రాయుట మాత్రము మన చెవికి వింతగా నున్నది. పూర్వము ఆ అవసరము లేకపోయెను. నీరు ఉండెను, చెట్టు ఉండెను, ఎవరును వ్రాయనక్కర లేకుండ వాటి వంతు వాటికి చేరుచుండెను.

ఇంగ్లాండులో పిల్లలకొరకు కుందేళ్ళ కథలు వ్రాసిన బియాట్రిక్స్ పాటర్ అను స్త్రీ 1943లో చనిపోవునప్పుడు, సరస్సుల సీమలో తాను కొన్న నాలుగువేల ఎకరములకు పైగా భూమిని, పొలములతోను మందలతోను సహా, నేషనల్ ట్రస్టు అను సంస్థకు వ్రాసిపోయెను. ఆ కొండలు ఆ కొండలవలెనే నేటికిని ఉన్నవి. అయితే ఆమె చావునకు ముందు రోజు లేచి వ్రాసినది కాదు. ముప్పదియేండ్లకు పైగా ఆ సీమలో కాపురముండి, గొఱ్ఱెలు పెంచి, ఎండలోను వానలోను ఆ పొలములవెంట తిరిగిన తరువాత వ్రాసినది.

ఇక్కడనే మమ్ము ఎక్కువగా బాధించిన సంగతి ఒకటున్నది. అసలు వీలునామాలో ఇచ్చునది దానమేనా? హెబ్రీ పత్రిక వ్రాసినవాడు చెప్పినట్లు, మరణశాసనము వ్రాసినవాడు బ్రదికియుండగా అది చెల్లదు. అనగా ఇచ్చువానికి ఒక పూట అన్నము కూడ తగ్గదు. చచ్చినవాని చేతిలో డబ్బు ఎట్లును నిలువదు గనుక, నిలువనిదానిని ఇచ్చి మెప్పు పొందుట చవుక బేరము కాదా? దావీదు, తనకు వెలలేని దహనబలిని యెహోవాకు అర్పింపనని చెప్పి అరౌనా కళ్ళమును వెలయిచ్చి కొనెను. పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ గారు 1976లో తనకు వచ్చిన యాభైవేల డాలర్ల అంతర్జాతీయ బహుమానమును బ్రదికియుండగనే పక్షుల సంరక్షణ నిధికి ఇచ్చివేసిరి. అట్టి దానము ఎదుట వీలునామా దానము చిన్నదే.

ఈ మాట పంతులమ్మగారితోనే చెప్పి చూచితిమి. ఆమె జవాబు మేము మరువలేము. “నిజమేనండి. కానీ నేనిప్పుడు ఇచ్చేస్తే రేపు మంచాన పడితే సంఘం మీద పడాలి. నాకు అక్కరైనంత వాడుకుని మిగిలింది ఇస్తానంటున్నాను. చవక దానమే. చవకది కూడా ఇవ్వకుండా పోవడం కన్నా మేలు కదండీ” అనిరి. అంతటితో ఆగక, లోపలికి పోయి ఒక డబ్బా తెచ్చి, పింఛనులోనుండి నెలకింత అని తీసి దాచిన నోట్లు చూపించిరి. ఆటపాక చూచుటకు బడిపిల్లలను తీసికొనిపోవు బస్సు ఖర్చట. ఒక్క పిల్లకైనను గూడబాతు పేరు తెలియకుండ ఎట్లని ఆమె చింత. ముసలివారికి, ఒంటరివారికి, పింఛనుదార్లకు బ్రదికియుండగా పెద్ద దానము చేయుట సాధ్యము కాదు. రేపటి వైద్యుని బిల్లు ఎంతో ఎవరికి తెలియును? వారి చేతికి అందిన తలుపు వీలునామా ఒక్కటే. ఇది మాకు తోచకపోవుటకు కారణము మేము ఇంకను నలుబదులలో నుండుటయే కావచ్చును.

క్రైస్తవులకు ఈ తలుపు సగము మూసియుండిన కాలమొకటి కలదని మన సంఘములలో చాలమందికి తెలియదు. 1925 నాటి భారత వారసత్వ చట్టములో 118వ సెక్షను ఉండెను. అన్నదమ్ముల బిడ్డలు గాని, అక్కచెల్లెండ్ర బిడ్డలు గాని, అంతకంటె దగ్గర బంధువులు గాని ఉన్నవాడు మతసంబంధమైన, ధర్మసంబంధమైన కార్యములకు ఆస్తి వ్రాయవలెనన్నచో, చనిపోవుటకు పండ్రెండు నెలలకు తక్కువ కాకుండ ముందే వీలునామా వ్రాసి, వ్రాసిన ఆరు నెలలలోగా దానిని చట్టము ఏర్పరచిన చోట భద్రపరచవలెను. లేనియెడల ఆ దానము చెల్లదు. హిందువులకు ఈ నియమము లేదు. పార్సీలను 1991లో దీనినుండి తప్పించిరి. కడకు ఇది ముఖ్యముగా మనమీదనే నిలిచినది. కేరళకు చెందిన జాన్ వల్లమట్టం అను కతోలిక ఫాదరు గారు సుప్రీం కోర్టుకు పోగా, 2003 జూలై 21న ఆ సెక్షను రాజ్యాంగములోని సమానత్వమునకు విరుద్ధమని కొట్టివేసిరి. అప్పటినుండి పంతులమ్మగారివంటి వారు ఇతరులవలెనే వ్రాయవచ్చును.

ఆ సెక్షను పోయినందుకు మేము సంతోషించుచున్నాము. అయితే అది ఎందుకు పుట్టినదో పాదిరులమైన మేము మరువరాదు. మరణశయ్య చెంత కూర్చుండి, పరలోకపు మాటలు చెప్పుచు, భూలోకపు కాగితముమీద వ్రేలిముద్ర వేయించుకొను బోధకుని గూర్చిన భయమే దాని వేరు. చట్టము మమ్ము అనుమానించినది. ఆ అనుమానము అన్యాయమైనదని గుండెమీద చేయి వేసికొని చెప్పలేము. మేము పంతులమ్మగారికి మొదట చెప్పిన జవాబును ఆ చట్టము వ్రాసినవారు వినియుండినచో, చూచితిరా అని యుందురు.

వ్రాయుటను గూర్చి అడిగిన వారికి కొంచెము. పక్షి పేర ఆస్తి వ్రాయుట కుదరదు, సరస్సు పేరను కుదరదు. చట్టప్రకారము నమోదైన ట్రస్టు గాని సంఘము గాని ఉండి, దాని పూర్తి పేరు, చిరునామా వీలునామాలో ఉండవలెను. 1883లో పుట్టిన బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ, 1969 నుండి మన దేశములో పనిచేయుచున్న డబ్ల్యు డబ్ల్యు ఎఫ్ ఇండియా మొదలగునవి ఉన్నవి. అందరు చచ్చిపోయినదనుకొన్న కలివికోడి 1986లో కడప సీమ ముళ్ళకంపలలో మరల కనబడినది, బొంబాయి సొసైటీవారు వెదకినందుననే. వెదకి చూపినవాడు మాత్రము ఆ పల్లెవాడే! కాబట్టి ఇచ్చువారు కావలికాయు పల్లెవారికి కూలి ముట్టునట్లు ఒక మాట వ్రాయించుట మంచిది. వ్రాసినవారు సంతకము చేయుట ఇద్దరు సాక్షులైన చూడవలెను, వారును సంతకములు చేయవలెను. సాక్షికి గాని సాక్షి భార్యకు లేక భర్తకు గాని అందులో ఏమైన వ్రాసినయెడల ఆ భాగము చెల్లదు. రిజిస్టరు చేయించుట తప్పనిసరి కాదు గాని చేయించుట మేలు. బ్రదికియున్నంత కాలము ఎన్నిసార్లైనను మార్చుకొనవచ్చును. వకీలును ఒకసారి చూడుడి. అన్నిటికంటె ముందు ఇంటివారితో చెప్పుడి. చచ్చిన తరువాత కాగితము విప్పి ఆశ్చర్యపడవలసినది ఎవరి ఇంటను ఉండకూడదు.

పంతులమ్మగారు అట్లే చేసిరి. అన్న కుమారులిద్దరిని పిలిచి చెప్పిరి. ఉన్న ఇల్లు వారిద్దరికి. పోస్టాఫీసు డబ్బులో సగము, పినతల్లి కుమార్తె మనుమరాలు నర్సింగు చదువుచున్న తండ్రిలేని పిల్లకు. మిగిలిన సగములో సగము మందిరమునకు, సగము కొల్లేటి పక్షులకు. ఇంతకంటె న్యాయమైన పంపకము మాకు చేతకాదు. తణుకులో నున్న కుమారుడు ఒప్పుకొనెను. రెండవ కుమారుడు మాకు ఫోను చేసి, “అత్తయ్యకు ఈ పక్షుల మాట మీరే నేర్పారా అయ్యగారూ?” అని అడిగెను. మేము దానికి ఎదురు చెప్పినవారమని చెప్పితిమి. నమ్మలేదు. ఈస్టరునకు మందిరమునకు వచ్చినప్పుడు మా చెయ్యి పట్టుకొనకుండ వెళ్ళిపోయెను. అతని నిమిత్తము ప్రార్థించుచున్నాము.

మందిరమునకు వంతు వ్రాసినందున మేము సాక్షి సంతకము చేయ నిరాకరించితిమి. సంఘమునకు చెందని ఇద్దరు పొరుగువారు చేసిరి. వారిలో ఒకరు ఆమె వద్ద అక్షరములు దిద్దుకొన్న రైతు. ఆషాఢములో ఒక ఉదయమున వారితో కలిసి ఆటోలో రిజిస్ట్రారు కచేరికి పోయి పని ముగించుకొని వచ్చుచుండగా, సిద్ధాంతము వైపు కాలువగట్టు మీద ఆమె ఆటోను ఆపుమనిరి. ప్రక్క చేలో సార్వాకు దమ్ము చేయుచున్నారు. ట్రాక్టరు వెనుక తిరగబడిన బురదలో తెల్లకొంగలును నత్తగుల్ల కొంగలును బారులు తీరి నడచుచుండెను. ఆమె కళ్ళజోడు తుడుచుకొని, ముక్కు నడుమ సందు గల ఆ కొంగలను వ్రేలితో లెక్కపెట్టుచు పదునాలుగు వరకు వచ్చిరి. వెనుకనుండి ధాన్యపు లారీ వచ్చుటచే ఆటో అబ్బాయి హారను కొట్టబోయెను. ఆమె అతని చెయ్యి పట్టుకొని, కొంచెము ఆగుమనిరి.